ఇంకా తగ్గలేదని సాక్ష్యం

జగ్గయ్యపేట,
జూన్ 3, 2025

అత్తా,

ఈ ఉత్తరం నాన్న బస్టాండుకెళ్లి మామయ్యకిస్తాడు. మామయ్య టికెట్లు కొడుతూ "ఈ కండక్టరుకి పోస్టుమాన్ ఉద్యోగం కూడానా" అని సణుగుతాడు, సణగనీ. నీకు ఫోను చేస్తే వినబడదు, వాట్సాప్‌లో పెడితే అక్షరాలు చీమల్లా పాకుతున్నాయంటావు. పేటకీ నందిగామకీ మధ్య రోజూ తిరిగే మనిషి ఇంట్లో ఉండగా మనకింకో దారెందుకు?

నిన్న నీ చెవి ఆపరేషన్ జరగాల్సిన రోజు. విజయవాడలో నీ మంచం పక్కన ఉండాల్సినదాన్ని, ఇక్కడ నా మంచం మీద నేనే ఉన్నా. ఆదివారం పొద్దున అద్దంలో చూసుకుంటే కళ్లు పసుపు నీళ్లలో కడిగినట్టున్నాయి. కామెర్లు. లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు గానీ అదంతా వట్టిదే, లోకం ఎలా ఉందో అలానే ఉంది. అన్నం వాసనొస్తేనే కడుపు తిప్పేస్తోంది.

నా బాధ కామెర్ల గురించి కాదు. ఆడవాళ్ల వార్డులో మామయ్యని ఉండనివ్వరు, అమ్మ నాయనమ్మని వదిలి కదల్లేదు, నీకు నేనే ఉండాలి. అందుకే కంపెనీలో ఏడాదంతా ఒక్క సెలవు కూడా వాడకుండా దాచిపెట్టా. ఆ సెలవుని ఇప్పుడు ఈ జబ్బు తినేస్తోంది. సెలవులో ఉండగా జబ్బు చేస్తే ఆ రోజుల్ని జబ్బు కింద రాయించుకోవచ్చంట, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ ఉంటే. అప్పుడు నా సెలవు నాకు మిగుల్తుంది. నిలబడే ఓపిక రాగానే డిస్పెన్సరీకి వెళ్తా.

నీకు మామయ్య చెప్పని మాటొకటి చెబుతున్నా, ఎందుకంటే వాయిదాలెయ్యడంలో నిన్ను మించినవాళ్లు లేరు. చెవిలో చీము లోపలి ఎముకకి పాకితే తలకెక్కుతుంది, వానలు ముదరకముందే చేయించెయ్యాలి అన్నాడు డాక్టరు. నువ్వు పక్కనే కూర్చుని ఆయన మొహంలోకి చూస్తూ నవ్వావు.

ఒక్కటే బతిమాలుతున్నా. నా జబ్బు సంగతి మీ చర్చిలో చెప్పించకు. మీ పాస్టరుగారు మైకులో చదివే ప్రతి ముక్కా యూట్యూబులో లైవు వస్తుంది. పెళ్లికాని పిల్లకి లివర్ జబ్బంటే అమ్మ తట్టుకోలేదు. ప్రార్థన చెయ్యి, మైకు మాత్రం ముట్టుకోకు.

నీ పచ్చ కోడలు,
సుస్మిత


నందిగామ,
జూన్ 6

నా తల్లి సుస్మితకి,

అత్త దీవెనలు. నీ ఉత్తరం అందింది. కారం ముట్టకు. మజ్జిగన్నం తిను. జి.కొండూరులో కామెర్లకి పసరు పోస్తారని మీ నాన్న అంటున్నాడంట, చెవి మెలేసి వద్దని చెప్పు, అక్క చెప్పిందని చెప్పు.

నా చెవి గురించి బెంగ పెట్టుకోకు. జిన్నింగ్ మిల్లులో ఆ పత్తి మిషన్ల మోతలో ఎప్పుడో పోయిన చెవి. కొత్తగా పోయేదేముంది? తలకెక్కుతుందన్నాడా? ఎక్కితే ఎక్కనీ, అక్కడ మాత్రం ఏముందని.

ఒక మాట అడుగుతా, కోప్పడకు. పని చెయ్యని రోజుకి డబ్బులిస్తారా? మా మిల్లులో అట్టాంటిది లేదు. చలిజ్వరం వచ్చి పత్తి బోరాల మధ్య కాసేపు నడుం వాల్చినా మేస్త్రీ కంటబడితే ఆ పూట కూలి పోయినట్టే. నీ చిన్నప్పుడు నాకు గర్భం పోయిన రోజు కూడా సాయంత్రందాకా నిలబడ్డా, కూలి పోతుందని. అందుకే నాకు అర్థం కావట్లేదు. సెలవని వెళ్లి, తర్వాత అది సెలవు కాదు జబ్బని మార్చి రాయించుకోవడం దొంగ మాట కాదు కదా? నీ నోటి వెంట అట్టాంటిది రాదు, తెలుసు. అయినా అడుగుతున్నా.

మైకు సంగతి చెప్పావు కాబట్టి నీ జబ్బు గురించి ఒక్కరికి కూడా చెప్పను. ఒట్టు.

నీ మేనత్త,
పరిమళ


జగ్గయ్యపేట,
జూన్ 11

అత్తా,

దొంగ మాటన్నావు. నాలుగుసార్లు చదివా, నాలుగుసార్లూ కోపమొచ్చింది. అయిదోసారి గర్భం పోయిన రోజు దగ్గర ఆగిపోయా. ఇన్నేళ్లలో ఆ మాట నాకెవరూ చెప్పలేదు.

ఇది దానం కాదత్తా. ప్రతి నెలా నా జీతంలోంచి కోసి కడతారు, కంపెనీ కూడా కొంత కలుపుతుంది. గొడుగు కొనుక్కుని వానొచ్చినప్పుడు మడిచి చంకలో పెట్టుకోమంటావా? పైగా ఒకే రోజుకి సెలవు జీతమూ, జబ్బు డబ్బూ రెండూ రావు. ఏదో ఒకటే. జబ్బు డబ్బు జీతం కంటే తక్కువ. అయినా అదే అడుగుతున్నా. నాకు కావాల్సింది రోజులు, ఆ రోజులు నీకివ్వడానికి.

గురువారం డిస్పెన్సరీకి వెళ్లా. లేడీ డాక్టరు. పేషెంటు మొహం చూడకుండా రాస్తుందని విన్నా గానీ నా కనురెప్ప కిందికి లాగి చాలాసేపు చూసింది. "నేను తగ్గిందని రాసేదాకా మంచం దిగకు" అని సర్టిఫికెట్ ఇచ్చింది. వారం వారం వెళ్లి మళ్లీ రాయించుకోవాలి. అక్కణ్నుంచి నాన్న బండి మీద చిల్లకల్లు అవతల మా మాత్రల కంపెనీకి వెళ్లాం. హెచ్ఆర్ దశరథరామయ్యగారి టేబుల్ మీద బీపీ మాత్రల డబ్బా ఉంది, మా కంపెనీవి కావు.

"సెలవు పెట్టింది నువ్వే కదమ్మా?"

"నేనేనండి. కానీ నేను సెలవులో లేనండి, జబ్బులో ఉన్నా."

"అవేమన్నా రెండు ఊళ్లా, ఇక్కడ కాదు అక్కడున్నా అనడానికి!"

నవ్వాడు గానీ కాగితం తీసుకున్నాడు. మంచాయనే, కాకపోతే భయస్తుడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు, హైదరాబాద్ ఆఫీసు నుంచి ఫోనొస్తే కూర్చున్నవాడు లేచి నిలబడి మాట్లాడతాడు. "సర్టిఫికెట్లు ఒక్క వారం కూడా తెగకూడదు. ఈలోపు నువ్వు బాగానే ఉన్నావని ఎవరైనా అన్నారా, నా పీక మీదికొస్తుంది" అన్నాడు. ఎవరంటారు, అద్దమే నాతో ఆ మాట అనట్లేదు.

మామయ్యని ఆసుపత్రికి పంపి కొత్త తేదీ తీసుకో. జులై మొదట్లో. వాయిదా అన్నావంటే ఇదే కళ్లతో అక్కడికొస్తా.

సుస్మిత


నందిగామ,
జూన్ 16

బంగారు తల్లీ,

స్తోత్రం, స్తోత్రం! గొడుగు మాట మామయ్యకి చదివి వినిపించా. "అది బీఎస్సీ చదివింది, నువ్వు మిల్లు చదివావు, ఇక నోర్మూసుకో" అన్నాడు. నోరు మూసుకున్నా. కొత్త తేదీ కూడా వచ్చింది, జులై ఏడు, సోమవారం.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆరాధనలో నీకోసం సాక్ష్యం చెప్పా. కంగారు పడకు, ఒట్టు తప్పలేదు. నువ్వు జబ్బు సంగతి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. స్వస్థత సంగతే చెప్పా. "నా మేనకోడలు సుస్మిత, చిల్లకల్లు దగ్గర మాత్రల కంపెనీలో చేస్తది, దాన్ని దేవుడు పూర్తిగా బాగుచేసాడు" అని మైకులో చెప్పి కానుక కవరేసా. ఇంకా పూర్తిగా అవలేదనుకో. అయినా ముందే కృతజ్ఞత చెల్లించామంటే ఆయన మాట తప్పడు. నేను నా జీవితమంతా అట్టాగే అడిగా.

మీ మామయ్యకి నచ్చలేదు. "కానిదాన్ని అయిందంటావేంటే" అన్నాడు. "నువ్వు మాత్రం? ఊరు చేరకముందే టికెట్ కొట్టవా?" అన్నా. 

అందరూ ఆమెన్ అన్నారంట. నాకు వినబడదుగా, ముందు వరసలో ఫ్లోరెన్స్ టీచరుగారు చేతులెత్తి ఊపితే తెలిసింది. ఆ చేతులు చూసినప్పట్నుంచీ మనసు తేలికయింది. నువ్వు లేచి తిరుగుతావు చూడు.

నీ మేనత్త,
పరిమళ


జగ్గయ్యపేట,
జూన్ 19

అత్తా,

ఏం చేసావో నీకు తెలుసా?

మా ప్యాకింగ్ లైను సూపర్‌వైజర్ మెర్లిన్ మేడమ్ వాళ్లమ్మగారిది మీ చర్చే. మేడమ్ ఇక్కణ్నుంచి ప్రతి ఆదివారం లైవు చూస్తుంది. నీ సాక్ష్యం ముక్క కత్తిరించి మా లైను గ్రూపులో పెట్టింది, "సుస్మితకి దేవుని మేలు, త్వరలో వచ్చేస్తోంది" అని చప్పట్ల బొమ్మలతో సహా. పాపం, ప్రేమతోనే పెట్టింది. ఈ మొత్తం వ్యవహారంలో ప్రేమ లేకుండా ఒక్కరూ ఏదీ చెయ్యలేదు, అదే నా ఖర్మ.

ఇవాళ దశరథరామయ్యగారు పిలిపించారు. ఫోను నా ముందు పెట్టారు. నీలం చీర, నెత్తిన కొంగు, రెండు చేతులతో మైకు పట్టుకుని నువ్వు.

"ఈవిడెవరమ్మా?"

"మా మేనత్తండి."

"పూర్తిగా బాగయిందంటోంది. ఆవిడ అబద్ధం చెబుతుందా?"

ఏం చెప్పమంటావు? నోట్లోంచి వచ్చేసింది. "చెప్పదండి" అన్నా.

"అయితే రేపట్నుంచి డ్యూటీకి రా. లేకపోతే ఇన్నాళ్లదీ సెలవు కింద వేసి, సెలవు అయిపోయాక మిగిలిన రోజులన్నీ చెప్పకుండా మానేసినట్టు రాయాల్సొస్తుంది. వీడియో హైదరాబాద్ దాకా వెళ్లిపోయింది."

రేపు వెళ్తున్నా. నీ విశ్వాసానికి నా లివరే దొరికిందా? జబ్బు చెప్పొద్దంటే స్వస్థత చెప్పావు. నోరు తెరవొద్దనాల్సింది, తెలివి తక్కువై మైకు అన్నా.

సుస్మిత


నందిగామ,
జూన్ 20

నా తల్లీ,

రెండు ముక్కలు రాసి రాత్రే మామయ్య సంచిలో పెడుతున్నా. పొద్దున నిన్ను పేట సెంటర్లో చూసాడంట, టోపీ చేతిలో పట్టుకుని కంపెనీ బస్సు ఎక్కుతున్నావంట. పిలిచేలోపు ఆయన బస్సు కదిలిందంట. నాకు చెప్పగానే ఏడ్చేసా. అన్నాను కదా నీకు, లేచి తిరుగుతావని! ఈ ఆదివారం ఇంకో కానుక వేస్తా.

పరిమళ


జగ్గయ్యపేట,
జూన్ 24

అత్తా,

నా కోపం ఉత్తరం నాన్న జేబులో మర్చిపోయి శనివారం ఇచ్చాడు. నీ సంతోషం ఉత్తరం కూడా అదే పూట నాకందింది. రెండూ మామయ్య క్యాష్ బ్యాగులో కాసేపు పక్కపక్కనే ఉండి ఉంటాయి.

నేను లేచి తిరిగింది మధ్యాహ్నం భోజనాల దాకానే. తర్వాత మాత్రల పట్టీలు కదిలే బెల్టు మీదే వాంతి చేసుకున్నా. లైను ఆపేసారు. మెర్లిన్ మేడమ్ నా తల పట్టుకుని ఏడ్చింది. దశరథరామయ్యగారే కంపెనీ జీపులో డిస్పెన్సరీకి తీసుకెళ్తే డాక్టరమ్మ అగ్గి మీద గుగ్గిలం అయింది. "నేను తగ్గిందని రాయకుండా నిన్ను డ్యూటీకి ఎవరు పంపారు? ఈ చుట్టుపక్కల నాకు తెలియని డాక్టరెవరు?" అంది. దశరథరామయ్యగారు మెల్లిగా ఫోను తీసి నిన్ను చూపించాడు. "ఈవిడా? ఈవిడ ఏ కాలేజీలో చదివింది?" అంది. నవ్వే ఓపిక లేదు గానీ లోపల నవ్వొచ్చింది.

మళ్లీ సర్టిఫికెట్ రాసింది. అయినా గొడవ తెగలేదు. జీపులో తిరిగొస్తుంటే దశరథరామయ్యగారు అన్నాడు: "డాక్టరు కాగితం నా దగ్గరుంది, వీడియో హైదరాబాద్ వాళ్ల దగ్గరుంది. వాళ్లకి కాగితాలు కనబడవమ్మా, వీడియోలు కనబడతాయి. నువ్వు మధ్యలో ఒక పూట డ్యూటీ కూడా చేసావు." నన్ను రమ్మన్నది తనేనని ఆయనకీ గుర్తే, అందుకే నా వైపు చూడలేదు. ఇంటి దగ్గర దిగాక అరుగు మీద తెల్ల కాగితం పెట్టాడు. "మీ అత్తగారికి చెవులు వినబడవంట కదా. మతి సరిగా లేక ఏదో మాట్లాడిందని ఒక ముక్క రాసివ్వు. నీ రోజులు నీకొస్తాయి. నెలాఖరు దాటితే నా చేతుల్లో ఉండదు."

పెన్ను పట్టుకుని కూర్చున్నా. "మా మేనత్త పరిమళ" దాకా రాసా. తర్వాత రాయలేదు. ఆయన కాగితం అక్కడే వదిలి వెళ్లాడు.

నీకు చెవే సరిగా లేదు, మతి నాకంటే బాగుంది. నేను కాదంటే నువ్వు అబద్ధాలకోరువి, అవునంటే నేను. రాత్రంతా ఇదే తిరుగుతోంది బుర్రలో. కోపంలో ఏదేదో రాసా, లివరని, ఖర్మని. అది చింపెయ్యి.

సుస్మిత


నందిగామ,
జూన్ 27

సుస్మితా,

చింపలేదు. బైబిల్లో పెట్టుకున్నా.

నా పేరు దాకా రాసి ఆగావన్న చోట నేనూ ఆగిపోయా. రాసెయ్యాల్సిందే పిచ్చిపిల్లా. మిల్లులో నన్ను చెవిటి మాలోకం అని మొహం మీదే అనేవాళ్లు, పెదాలు చూస్తే తెలిసేది. నీ చేత్తో రాస్తే ఏమవుతుంది నాకు? అయినా రాయలేదు నువ్వు. ఇప్పుడు ఆ భారం నా నెత్తి మీదికొచ్చింది.

రెండు పనులు చేసా. ఆపరేషన్ వద్దని ఆసుపత్రిలో చెప్పెయ్యమని మామయ్యతో అన్నా. నా కోసం దాచిన సెలవే కదా ఇంత గొడవ తెచ్చింది. సెలవు పోతే పోయింది, నువ్వు ఆ కంపెనీవాళ్ల ముందు కూర్చోకు.

రెండోది, పాస్టరుగారి దగ్గరికెళ్లా. ఇంకోసారి మైకు ఇవ్వండయ్యా, తగ్గలేదని చెప్పాలి అన్నా. ఆయన పలక మీద రాసి చూపించారు: "తగ్గిందని సాక్ష్యం చెబుతారు గానీ తగ్గలేదని ఎవరూ చెప్పరమ్మా. సంఘం బలహీనపడుతుంది. మౌనంగా ప్రార్థించండి." చెడ్డ మనిషి కాదు. నిజమే, నా వయసులో అట్టాంటి సాక్ష్యం నేనెప్పుడూ వినలేదు, చెవులున్నప్పుడు కూడా.

మౌనంగా ఉండడం నాకు అలవాటే. కానీ నా నోటితో చెప్పిందాన్ని ఎవరొచ్చి దిద్దుతారు?  ఆదివారం నేనేం చేస్తానో నాకే తెలియదు. వీలైతే లైవు చూడు. చూడకపోయినా ఏమనుకోను.

పరిమళ


జగ్గయ్యపేట,
జూన్ 30

అత్తా,

ముందు ఊపిరి పీల్చుకో. పొద్దున దశరథరామయ్యగారు ఫోను చేసాడు. మెర్లిన్ మేడమ్ నిన్నటి వీడియో ఆయనకి పంపింది, ఆయన హైదరాబాద్ పంపాడు. "మీ అత్తగారు మళ్లీ మాట్లాడారమ్మా. ఆవిడ అబద్ధం చెప్పదని నువ్వే అన్నావు, అదే రాసి పంపా" అన్నాడు. సర్టిఫికెట్ రాసిన రోజు నుంచి జబ్బు కిందే వేస్తారు. దానికి ముందు మంచం మీద గడిచిన రోజులు మాత్రం సెలవులోంచి పోయాయి, పోనీ. మిగిలినవి నీ ఆపరేషన్‌కి సరిపోతాయి. శనివారం డాక్టరమ్మ చూడాలి. ఆవిడ తగ్గిందంటే తగ్గినట్టు, అప్పటిదాకా మనిద్దరం నోరు మూసుకుందాం.

ఆపరేషన్ వద్దన్నావు కదా? మామయ్య ఆసుపత్రికి చెప్పనేలేదు. అడిగితే "కొట్టిన టికెట్ వాపసు ఉండదే" అన్నాడు. జులై ఏడు ఖాయం.

ఇప్పుడు నీకు వినబడనిది రాస్తా.

లైవు నేనూ అమ్మా మంచం మీద కూర్చుని చూసాం. పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యాలున్నాయా అని అడిగారు. నీకు వినబడదు, అయినా అందరి తలలూ తిరగడం చూసి లేచావు. ఆయన మైకు ఇవ్వనా వద్దా అన్నట్టు ఆగారు. నువ్వు చెయ్యి చాపి అట్టాగే నిలబడ్డావు. ఇచ్చేసారు.

"నా మేనకోడలికి తగ్గిందని చెప్పా. తగ్గలేదు. నా ఆశని అయిపోయిన సంగతిలా చెప్పా. దానివల్ల అది జబ్బుతో పనికెళ్లింది. దాని కాగితం నిజం, నా సాక్ష్యం తప్పు. ఇంకా తగ్గలేదు. ప్రార్థన చెయ్యండి."

అంతే చెప్పి మైకు రెండు చేతుల్తో పట్టుకుని చూస్తూ నిలబడ్డావు. ఎవరి చేతులూ లేవలేదు. నీ మొహం అప్పుడెలా ఉందో నేను చూసా. అందరూ నిన్ను తప్పుబడుతున్నారనుకున్నావు కదా? కాదత్తా. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత ఫ్లోరెన్స్ టీచరుగారు కళ్లు మూసుకునే అన్నారు, "నా మోకాళ్లూ తగ్గలేదమ్మా. పోయిన పండక్కి తగ్గాయని చెప్పా." వెనక ఎవరో ఆడమనిషి "మా పెద్దాడూ తాగుడు మానలేదు" అంది. ఇంకెవరో చిన్నగా ఏడ్చారు. ఒకరి తర్వాత ఒకరు, మైకు లేకుండానే. నువ్వు అప్పటికే తల దించుకుని కూర్చున్నావు, చూడలేదు.

అన్నిటికంటే ఆఖరున తలుపు దగ్గర్నుంచి ఒక గొంతు వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన క్యాష్ బ్యాగు. ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య వచ్చినట్టున్నాడు. బస్సులో స్టేజీ పేరు అరిచినట్టే గట్టిగా అన్నాడు.

"మా ఆవిడ చెవి కూడా తగ్గలేదండీ. దానికోసం కూడా చెయ్యండి."

డాక్టరమ్మ సరేనంటే ఆదివారం రాత్రికి వస్తా, ఏ బస్సుకో మామయ్యే చెబుతాడు. చీపురు పట్టుకోకు, ఇల్లు నేనొచ్చి ఊడుస్తా.

నీ
సుస్మిత